చెప్పులు బయట, నంబరు కార్డు మీద

వెంకటప్పయ్య బాబాయి కంప్యూటర్ గది ముందు ఒక బోర్డు పెట్టించాడు. 'చెప్పులు బయట విడువవలెను. లోపల మాట్లాడరాదు. అనుమతి లేనిదే దేనినీ ముట్టుకొనరాదు.' కింద తన పేరు. పేరు కింద 'ఈడీపీ ఇన్‌ఛార్జి' అని, పేరు కన్నా పెద్ద అక్షరాలతో. పొద్దున్నే ఆ బోర్డు ముఖం చూసి లోపలికి వెళ్లాల్సి వచ్చేది నా ఖర్మకి. గుళ్లో పూజారికి కూడా అంత బడాయి ఉండదు.

వరసకు నాకు బాబాయి. మా నాన్నకు పెత్తల్లి కొడుకు. ఆఫీసులో 'సార్' అనాలి, ఇంటికెళ్తే 'బాబాయ్' అనాలి. రెండూ నాకు చేదుగానే ఉండేవి. వాళ్ల నాన్న, మా తాత గుంటూరు వైపు పొలాలు అమ్ముకుని సత్తుపల్లి దగ్గర నల్లరేగడి కొనుక్కుని వచ్చినవాళ్లే. మా వాళ్లు మట్టి పిసుక్కున్నారు. బాబాయికి ఎండ పడేది కాదు. ఎరువుల కొట్టు పెట్టాడు, మూతపడింది. సినిమా హాలు లీజుకు తీసుకున్నాడు, అదీ మూతపడింది. చివరికి వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాగా చేరాడు.

ఫ్యాక్టరీ అంటే సారపాకలో ఉన్న పెద్ద కాగితం మిల్లు అనుకునేరు. అది కాదు. దానికి చాలా ఇవతల, భద్రాచలం రోడ్డు మీద నుంచి అడవి వైపు తిరిగితే వచ్చే ప్లైవుడ్ ఫ్యాక్టరీ. ఇప్పుడది లేదు, రేకుల షెడ్లు మాత్రం మిగిలాయి. తొంభై అయిదులో దాని యజమానులకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. కర్ర లోపలికి వచ్చిన దగ్గర్నుంచి పలక బయటికి వెళ్లే దాకా అంతా మెషిన్‌లో ఉండాలన్నారు. హైదరాబాదులో మూడు వారాల ట్రైనింగుకి ఎవరు వెళ్తారంటే, హైదరాబాదు అనగానే బాబాయి చెయ్యెత్తాడు. తిరిగొచ్చేసరికి ఇన్‌ఛార్జి. మెడలో తాళంచెవి, జేబులో రెండు పెన్నులు, నోట్లో 'సెక్యూరిటీ' అన్న మాట. టైపూ షార్ట్‌హ్యాండూ పాసై, కంప్యూటర్ కోర్సు సొంతంగా చేసి వచ్చిన నేను ఆయన కింద ఆపరేటర్ని. పైగా ఆ ఉద్యోగం తనే వేయించానని బంధువులందరికీ చెప్పుకునేవాడు. పరీక్ష రాసింది నేను!

ఆ సెక్యూరిటీ సంబరం చూసి తీరాలి. నెలకోసారి పాస్‌వర్డ్ మార్చేవాడు. కొట్టేటప్పుడు కీబోర్డు మీద తువ్వాలు కప్పి, దాని కింద చేతులు పెట్టి కొట్టేవాడు. గది తాళం తీసేటప్పుడు అటూ ఇటూ చూసేవాడు. మేనేజరు గారు వచ్చినా చెప్పులు విప్పించాడంటే ఇక మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది?

మెషిన్ పెట్టడానికి హైదరాబాదు కంపెనీ నుంచి చందూలాల్ అనే ఇంజినీరు వచ్చాడు. పనంతా అయ్యాక అరచేయంత డబ్బా ఒకటి తీసి మెషిన్ వెనక తగిలించాడు. అది మోడెం. దానికి విడిగా ఒక టెలిఫోన్ లైను వేయించారు. మమ్మల్నిద్దరినీ నిలబెట్టి చెప్పాడు.

"మెషిన్ మంచిగున్నప్పుడు మీరు ముందర కూసొని పని చేస్తరు. అది పడిపోయిందనుకోండి, స్క్రీన్ గిట్ల ఏం రాదు. అప్పుడు నేను బస్సెక్కి రాను, ఈ ఫోన్ల నుంచి వస్త. ఇది పక్కదారి. ఈ దారిల వచ్చినోడు మెషిన్‌ను లేపొచ్చు, ఆపొచ్చు, మొత్తం తుడిచేయొచ్చు. దీనికి పాస్‌వర్డ్ లేదు. గందుకే, నేను అడిగినప్పుడే డబ్బా ఆన్ చెయ్యండి, పని కాంగనే బంద్ చెయ్యండి. నంబర్ ఎవ్వరికీ ఇయ్యొద్దు."

నేను ఆ నంబరు స్టిక్కరు మీద రాసి డబ్బా అడుగున అంటించాను. బాబాయి గంభీరంగా తలూపాడు. చందూలాల్ బస్సు మలుపు తిరిగిందో లేదో, రెండు ఘనకార్యాలు చేశాడు.

మొదటిది, డబ్బా ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచడం. ఎందుకంటే దాని మీద ఎర్ర దీపాలు వెలుగుతాయి. యజమానుల తాలూకు వాళ్లు ఎవరొచ్చినా ముందు ఆ దీపాల దగ్గరికే తీసుకెళ్లి, "హైదరాబాదుతో డైరెక్ట్ కనెక్షన్ అండీ, ఇరవై నాలుగ్గంటలూ" అనేవాడు. వాళ్లు నోరు వెళ్లబెట్టేవాళ్లు.

రెండోది ఇంకా గొప్పది. ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి కూర్చోవాలి. బాబాయి క్వార్టరు కంప్యూటర్ గది వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. లైన్‌మన్‌ని పట్టుకుని, కిటికీ సందులోంచి వైరు లాగించి, మోడెం లైనుకే ఇంట్లో ఒక ఫోన్ తగిలించుకున్నాడు. పారలల్. అడిగితే, "అర్ధరాత్రి మెషిన్ పడిపోతే ఎవరు చూస్తారమ్మా? నేనేగా?" అన్నాడు. ఆయన అర్ధరాత్రి లేచి మెషిన్ చూడటం నేను ఎరగను. పద్మావతి పిన్ని మాత్రం మధ్యాహ్నం భోజనమయ్యాక సత్తుపల్లిలో చెల్లెలికి ఫోన్ చేసి ఏం కూర వండావే అని మొదలుపెట్టి, ఆ కూర అరిగేదాకా మాట్లాడేది. బయటికి చేసే ఫోన్లకు డబ్బా పలకదు, కాబట్టి మెషిన్‌కు ఏమీ కాలేదు. లోపలికి మాత్రం ఎవరూ చేసేవాళ్లు కాదు. కంపెనీ ఫోనని బయటపడుతుందేమోనని బాబాయి నంబరు ఎవరికీ ఇవ్వలేదు. ఆ మాత్రం భయం ఇంకా ఉండేది అప్పట్లో.

ఇక మంగయ్య సంగతి. మంగయ్య కంప్యూటర్ గది అటెండరు. ఇల్లెందు వైపు బొగ్గుబాయి కుటుంబం. నేల తుడవడం, ప్రింటర్‌కు కాగితం ఎక్కించడం, రిబ్బన్ మార్చడం, లారీలు తూచే కాంటా దగ్గరికి చీటీలు మోసుకెళ్లడం అతని పని. ఏళ్ల తరబడి కాంట్రాక్టరు కింద ఉన్నాడు. ఆ ఏడాది పర్మినెంట్ అయ్యేవాళ్లలో అతని పేరు వచ్చింది. ఇన్‌ఛార్జి సరేనంటే చాలు. మంగయ్యకు అది జీతం మాట కాదు. అతని భార్య భద్రమ్మకు మూర్ఛలు. పొయ్యి దగ్గర కూర్చుని ఒకసారి పడిపోయి మోచెయ్యి కాల్చుకుంది. దానికి మందులు ఆగకుండా వాడాలి. ఫ్యాక్టరీ దవాఖానాలో ఇస్తారు, కానీ పర్మినెంటు వాళ్ల ఇంటివాళ్లకే. అతను రోజూ అదే మాట. "మేడం, ఈ ఒక్కటి అయితే సాలు. భద్రమ్మను దవాఖానాల చూపిస్త." బాబాయి ఇంటి నీళ్ల డ్రమ్ములు నింపేవాడు, పిన్నికి సంత సామాను మోసేవాడు. అతని మంచితనం చూస్తే నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చేది.

ఆ చలికాలంలో బాబాయి కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. కాలనీ గ్రౌండులో షామియానా, ఖమ్మం నుంచి వంటవాళ్లు, మేనేజరు గారు ముఖ్య అతిథి. కార్డులు కోదాడలో వేయించారు. బంగారు రంగు అంచు, నాలుగు మూలలా పసుపు. మధిర, సత్తుపల్లి, ఖమ్మంలో ఖానాపురం హవేలి దాకా బాబాయీ పిన్నీ కారు కిరాయికి తీసుకుని తిరిగి, చుట్టాలకూ పక్కాలకూ, ఎన్నడూ ముఖం చూడని వాళ్లకూ పంచారు. నాకు మాత్రం ఇవ్వలేదు. "నువ్వు ఇక్కడే ఉన్నావుగా, నీకు చివర్లో" అన్నాడు. సరేలే, నాకేమన్నా ముద్దా కార్డు అంటే?

కార్డులు పంచడం మొదలైన వారంలోనే మెషిన్ ఆగడం మొదలైంది.

ఆగడమంటే కరెంటు పోయినట్టు కాదు. అన్నీ వెలుగుతూనే ఉంటాయి. కానీ పనంతా నిలిచిపోయి, స్క్రీన్ మీద ఒక్క చిన్న గుర్తు వచ్చి, ఇప్పుడేం చెయ్యమంటారు అన్నట్టు కూర్చుంటుంది. మళ్లీ మొదటి నుంచి లేపాలి. లేచేదాకా కాంటా చీటీ రాదు. చీటీ లేకపోతే జామాయిల్ కర్ర లారీ కదలదు. ఒక లారీ ఆగితే దాని వెనక పది. డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చి గేటు దగ్గర అమ్మా ఆలీ బూతులు తిట్టేవాళ్లు.

చిత్రమేమిటంటే అన్నీ పొద్దుగూకాకే. రెండో షిఫ్టులోనే. రెండో షిఫ్టు మంగయ్యది.

బాబాయికి అంతకన్నా ఏం కావాలి? చందూలాల్‌ను అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. అంచేత మొదటి రోజే తేల్చేశాడు. "ఏరా, వైరు తొక్కావా?"

"లే సార్. కాగితం ఎక్కించి పక్కకు జరిగిన. గంతే."

"మరి నీ షిఫ్టులోనే ఎందుకాగుతుంది రా?"

"నాకేం ఎరుక సార్. నేను ముట్టలే."

రెండోసారి ఆగాక గడపకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. మూడోసారికి గది బయట చెంబుతో పసుపునీళ్లు పెట్టించి, మంగయ్య ఒక్కడూ చేతులు కడుక్కుని లోపలికి రావాలన్నాడు. మూడు వారాల ట్రైనింగులో ఇదే నేర్పారు కాబోలు! అయినా ఆగింది. "వీడి చెయ్యి మంచిది కాదు సార్, కొందరి చేతులంతే" అని మేనేజరు గారితో చెప్పాడు. ఇకమీదట ఏదీ ముట్టుకోకూడదని మంగయ్యకు ఆజ్ఞ. ఒక మూల నిలబడాలి, చేతులు వెనక్కి కట్టుకుని. షిఫ్టు షిఫ్టంతా! కాగితం గోపాలు ఎక్కిస్తాడు. ఈ గోపాలు ఇంకో ఆపరేటరు, నోట్లో నాలుక లేని మనిషి. మంగయ్య నిజంగానే అట్లా నిలబడ్డాడు, గోడకేసి చూస్తూ. నేను ఒకసారి చూసి, చూడలేక బయటికి వచ్చేశాను.

అయినా ఆగింది. అప్పుడు బాబాయి ఏమన్నాడో తెలుసా? "చెయ్యి కాదు సార్. చూపు."

మేనేజరు గారు చదువుకున్న మనిషే, అమెరికా పత్రికలు తెప్పించుకునేవాడే. ఆయనా "అట్లాగంటావా?" అన్నాడు. థూ! శుక్రవారం ఎంక్వయిరీ అన్నారు. మంగయ్యను పర్మినెంట్ చెయ్యడం మాట అటుంచి, అసలు గేటు బయటికే పంపాలని బాబాయి పట్టు. మంగయ్య నా దగ్గరికి వచ్చి, "మేడం, నా సూపుల నిజంగనే ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. వేళాకోళానికి కాదు, నిజంగా అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ చూపులో ఏమీ లేదు. మా బాబాయి బుర్రలో ఏమీ లేదు. పో" అన్నాను.

బుధవారం నాకు కార్డు దొరికింది. పిన్నే కంప్యూటర్ గది దాకా వచ్చి బొట్టు పెట్టి చేతిలో పెట్టింది. "తప్పకుండా రావే, పనులన్నీ నీవే" అంది. తెరిచి చూశాను. పిల్ల పేరు, ముహూర్తం, విందు. అడుగున, పూల తీగ మధ్యలో, పెళ్లికొడుకు పేరంత అందంగా, ఫోన్ అని రాసి ఒక నంబరు.

ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. డబ్బా అడుగున స్టిక్కరు మీద రాసింది నేనే. పాస్‌వర్డ్ కొట్టడానికి తువ్వాలు కప్పుకునే మనిషి, పాస్‌వర్డ్ అక్కర్లేని దారి నంబరు బంగారు రంగులో అచ్చు వేయించి, పసుపు పూసి, మూడు తాలూకాల్లో పంచాడు! కారణం ఏమిటంటారా? కార్డు మీద ఫోన్ నంబరు ఉంటే గొప్ప. చుట్టాల్లో కార్డు మీద నంబరు వేయించుకున్నవాడు అప్పటిదాకా లేడు.

సాయంత్రం రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కి వెళ్లి చందూలాల్‌కి ఫోన్ చేశాను. అక్కడ నిలబడగానే సగం సంగతి నాకే అర్థమైంది. బూత్ ముందు జనం కాచుకుని ఉన్నారు. పొద్దుగూకాక ఎస్టీడీ రేటు తగ్గుతుంది కాబట్టి ఊరూవాడా అప్పుడే ఫోన్లు చేస్తారు. బాబాయి చుట్టాలు కూడా అప్పుడే చేస్తారు, బస్సు ఎన్నింటికి, చీర ఏ రంగు అని. అది రెండో షిఫ్టు. మంగయ్య షిఫ్టు.

మిగతా సగం చందూలాల్ చెప్పాడు. "మేడం, ఆ డబ్బా మొదటి రింగుకే ఎత్తుతది. అవతల ఇంకో మోడెం ఉన్నదనుకుంటది. మనిషి ఉంటే దానికి సమజ్ కాదు. జరసేపు కీచుకీచుమని అరిచి పెట్టేస్తది. పెట్టేసేటప్పుడు లైన్ల పుట్టిన చెత్తంత మెషిన్‌కు పోతది. మెషిన్ దాన్ని 'ఆగు' అన్నట్టు అనుకుంటది, ఆగుతది. గంతే ముచ్చట. ఇంకా మీ నసీబు మంచిగుంది. కంప్యూటర్ ఉన్నోడు ఎవడన్న ఆ నంబర్ కలిపితే మీ ఫ్యాక్టరీ లెక్కంత వాని చేతిల ఉండేది."

"ఈ సంగతి మా సార్‌కు వెంటనే చెప్పాలండీ" అన్నాను.

"ఏంది మేడం, మీ సార్‌కు సోమవారమే చెప్పిన గద! ఆయననే ఫోన్ చేసి అడిగిండు."

ఫోన్ పెట్టేసి తిన్నగా బాబాయి ఇంటికి నడిచాను. పిన్ని మంచం నిండా పట్టుచీరలు పరిచింది. బాబాయి ఉయ్యాల బల్ల మీద కూర్చుని వక్కపొడి నములుతున్నాడు.

"బాబాయ్, మెషిన్ ఎందుకాగుతుందో నీకు సోమవారమే తెలుసట కదా?"

నములుడు ఆగింది. పిన్ని వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. "మన పిల్లవి కాబట్టి చెప్తున్నా. తెలుసు."

"మరి డబ్బా ఆపేస్తే పోయేది కదా?"

"ఇప్పుడు ఆపితే మెషిన్ ఆగడం మానేస్తుంది. ఏం మార్చావు వెంకటప్పయ్యా అని మేనేజరు అడుగుతాడు. వైరు సంగతి బయటికొస్తుంది. ఇంట్లో ఫోన్ పీకేస్తారు. ఫంక్షన్ ఆదివారం. కార్డుల మీద నంబరు వేసుకుని ఫోన్ మోగకపోతే నలుగురిలో తలెత్తుకునేదెట్లా?" కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "శుక్రవారం మంగయ్య గేటు దాటతాడా, ఆ సాయంత్రమే డబ్బా ఆపేస్తాను. మళ్లీ ఆగదు. చూశారా, వాడి వల్లేనని అందరూ అంటారు. తెలివంటే అదీ."

నా జన్మలో అంత చావుతెలివి ఇంకెక్కడా చూడలేదు. ఇంతసేపూ తెలివితక్కువవాడని తిట్టుకున్నాను. తెలివితక్కువవాడైనా బాగుండేది.

"భద్రమ్మ సంగతేంటి బాబాయ్? ఆ మందులు?"

"వాళ్లకేమమ్మా, ఎక్కడో ఒకచోట కూలి దొరుకుతుంది. వాడి కోసం మన ఇంటి పరువు తీస్తావా ఏంటి?"

పిన్ని చీర మడత పెడుతూ, "ఆడపిల్ల శుభకార్యం ముందు ఈ గొడవలెందుకే?" అంది. అంతలో ఫోన్ ఒక్కసారి మోగింది. పిన్ని ఎత్తి, చెవికి మూరెడు దూరంగా పట్టుకుంది. అందులోంచి కీచుమని అరుపు. అరుపు ఆగాక చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ వదినా, బాగున్నారా? మా ఫోన్ ఇంతే, ముందు కాసేపు అరుస్తుంది" అంది. గోడ అవతల మెషిన్ ఆగిపోయి ఉంటుంది. గేటు దగ్గర హారన్లు మొదలయ్యాయి. బాబాయి వినపడనట్టు ఉయ్యాల ఊగాడు.

శుక్రవారం మేనేజరు గారి గదిలో ఎంక్వయిరీ. ఆయన కుర్చీలో, బాబాయి పక్కన, మంగయ్య గోడ దగ్గర. చేతులు వెనక్కే కట్టుకుని ఉన్నాడు, ఎవరూ చెప్పకపోయినా. నేను సాక్షిని. బాబాయి ధీమా ఏమిటంటే నేను 'మన పిల్ల'ని.

"సార్" అన్నాను. "మంగయ్య ఇప్పుడు మీ ఎదురుగా ఉన్నాడు. కంప్యూటర్ గదిలో గోపాలు ఒక్కడే ఉన్నాడు. మెషిన్ నడుస్తుందో లేదో ముందు కనుక్కోండి."

ఆయన ఇంటర్‌కమ్‌లో అడిగాడు. నడుస్తోందన్నాడు గోపాలు.

"ఇప్పుడు మీకొచ్చిన ఓణీల కార్డు తీసి, కింద ఉన్న నంబరు కలపండి."

బాబాయి ముఖాన కత్తి వాటుకి నెత్తురు చుక్క లేదు. "నిర్మలా!" అన్నాడు. నేను అటు చూడలేదు.

కార్డు మేనేజరు గారి బల్ల మీదే ఉంది. కలిపాడు. ఒక్క రింగు. ఆ వెంటనే కీచుమని అరుపు, ఆయన ఉలిక్కిపడి రిసీవరు దూరంగా పట్టుకున్నాడు. అరుపు సందులోంచి పిన్ని గొంతు, గదంతా వినపడేట్టుగా, "హలో, కాసేపుండండి, అరుపు ఆగాక మాట్లాడతా! ఫంక్షన్ గురించేనా? భోజనాలు పన్నెండున్నరకండీ!"

మేనేజరు గారు ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి ఇంటర్‌కమ్ మోగింది. గోపాలు. "సార్, మెషిన్ ఆగింది సార్."

మంగయ్య మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. అతనికి సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చేతులు ముందుకు తీసుకుని, అరచేతులు చూసుకున్నాడు.

"ఏమిటిది వెంకటప్పయ్యా?" అన్నాడు మేనేజరు గారు.

ఇంకొకడైతే సిగ్గుతో చచ్చేవాడు. బాబాయి లేచి నిలబడ్డాడు. "నాకూ ఇదే అనుమానం సార్! ఇవాళో రేపో మీకు రిపోర్ట్ చేద్దామనే అనుకుంటున్నాను. అంతలో అమ్మాయి తొందరపడింది."

"సోమవారమే చందూలాల్ చెప్పాడు సార్ ఈయనకి. కావాలంటే హైదరాబాదు అడగండి" అన్నాను.

ఇక్కడ మేనేజరు గారి గురించి కూడా చెప్పాలి. కోపంగా లేచాడు, బల్ల గుద్దాడు. డబ్బా అప్పటికప్పుడు ఆపేసి తన అల్మరాలో పెట్టించాడు, ఇకమీదట హైదరాబాదు వాళ్లు అడిగినప్పుడే తీయాలన్నాడు. మంగయ్య పర్మినెంటుకు ఆ క్షణమే సరేనన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. బాబాయికి వేసిన శిక్ష ఏమిటి? ఏమీ లేదు. ఇంట్లో వైరు సంగతి నేను ఎత్తితే, "ఆదివారం అయ్యాక పీకిద్దాంలే, కార్డులు పంచేశారు కదా" అన్నాడు. ముఖ్య అతిథి మరి. ఆయనకీ శాలువా కప్పుతారు.

మంగయ్య బయటికొచ్చి నాకు దండం పెట్టబోయాడు. "నాకెందుకు? పోయి ముందు భద్రమ్మను దవాఖానాకి తీసుకెళ్లు" అని కసిరాను. సోమవారం తీసుకుపోతానన్నాడు. ఆదివారం సార్ ఇంట్లో పనికి రమ్మన్నారట. శుక్రవారం గెంటెయ్యాలనుకున్న మనిషిని ఆదివారం విస్తర్లు వెయ్యడానికి పిలిచాడు. పిలిచేటప్పుడు నోరు ఎట్లా వచ్చిందో!

"వెళ్తావా?" అన్నాను.

"పోత మేడం" అన్నాడు.

నీ ఖర్మ అనుకున్నాను.

ఆదివారం నేనూ వెళ్లాను. వెళ్లకపోతే తప్పు నాదే అయిపోతుంది మా చుట్టాల్లో. కాలనీ నిండా కార్లు, జీపులు. బాబాయి పట్టుపంచె కట్టి, ముంజేతికి గొలుసు వేసి, రెండు రోజుల నాటి సంగతే లేనట్టు తిరుగుతున్నాడు. పెద్దవాళ్లకు భోజనాలు ఇంటి హాల్లో. మేనేజరు గారు సోఫాలో, ఆయన పక్కన సత్తుపల్లి బంధువులు. ఫోను టీపాయ్ మీద, క్రోషే గుడ్డ పరిచి, దేవుడి పటంలా పెట్టారు. మంగయ్య మంచినీళ్ల జగ్గు పట్టుకుని తిరుగుతున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు.

బాబాయి మేనేజరు గారి ఆకులో స్వయంగా బొబ్బట్టు వడ్డిస్తున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. డబ్బా లేదు కాబట్టి ఇప్పుడు ఒక్క రింగుతో ఆగదు. హాలంతా వినపడేలా మోగుతోంది. బంధువులు గొప్పగా అటు చూశారు. బాబాయి ముఖం వెలిగిపోయింది. రెండు చేతులకూ నెయ్యి. ఫోన్ పక్కనే మంగయ్య.

"రేయ్ మంగయ్యా, ఆ ఫోనెత్తు!"

మంగయ్య జగ్గు కింద పెట్టాడు. ఫోన్ ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, కంప్యూటర్ గదిలో నిలబడినట్టే.

"నేను ముట్ట సార్" అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నా చెయ్యి మంచిది కాదంటిరి గద."

ఫోన్ మోగుతూనే ఉంది. సత్తుపల్లి పెద్దాయన ఒకరు, "ఏమిటట అప్పయ్యా, ఏమిటా సంగతి?" అన్నాడు. బాబాయి నెయ్యి చేతులతో అట్లాగే నిలబడిపోయాడు. మేనేజరు గారు ఆకులోకి తల దించుకుని, బొబ్బట్టు తుంచడంలో మహా తీరిక లేకుండా ఉన్నాడు. పిన్ని వంటవాళ్ల దగ్గర ఎక్కడో ఉంది.

"ఎత్తరా!" అన్నాడు బాబాయి మళ్లీ. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, బతిమాలుడే ఉంది.

మంగయ్య కదల్లేదు. బాబాయి నా వైపు చూశాడు. ఫోన్ నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది.

నేనూ ఎత్తలేదు.